ఉక్కు తలుపుల వంకర

ఉక్కు తలుపుల వంకర అనగా వెల్డింగు చేసి తయారుచేసిన పొయ్యిలు, బట్టీలు, పెట్టెల తలుపులు వేడి కారణంగా తమ అసలు ఆకారం కోల్పోయి చట్రానికి ఆనకుండా పోవడం. ఇంటివద్ద తయారుచేసుకునే పొగపొయ్యిలలో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. తలుపు వంగినప్పుడు ఉక్కు "పెరిగిపోయింది" అని సాధారణంగా భావిస్తారు. వాస్తవంలో జరిగేది దీనికి విరుద్ధం. వంగిన రేకులో ఏదో ఒక భాగం కురచగా మారి ఉంటుంది, మిగిలిన భాగం దానికి సరిపోక ఉబ్బుతుంది లేదా మెలి తిరుగుతుంది. కురచైన భాగం ఏదో గుర్తించిన తరువాతనే మరమ్మతు మొదలుపెట్టాలి. గుర్తించకుండా సుత్తితో కొట్టిన తలుపు చాలాసార్లు మరింత పాడవుతుంది.

పొగపొయ్యి

మాంసాన్ని మంటకు నేరుగా చూపకుండా, కట్టెల పొగతోను, తక్కువ వేడితోను గంటల తరబడి ఉడికించే పొయ్యిని పొగపొయ్యి లేదా స్మోకర్ అంటారు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఈ వంటకు పేరుపొందినది. 19వ శతాబ్దంలో జర్మనీ, చెక్ ప్రాంతాలనుండి వలసవచ్చిన మాంసపు వర్తకులు అక్కడ ఇటుకలతో కట్టిన గూళ్ళలో మాంసాన్ని పొగబెట్టేవారు. తరువాతి కాలంలో చమురు క్షేత్రాలలో పనిచేసే వెల్డర్లు మిగిలిపోయిన గొట్టాలను, పాత ట్యాంకులను కోసి పొయ్యిలుగా మలచడంతో ఉక్కు పొగపొయ్యి వ్యాప్తిలోకి వచ్చింది. డాలస్, హ్యూస్టన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగువారికి ఇది పరిచితమైన వస్తువే.

ఇందులో రెండు అరలు ఉంటాయి. పక్కన ఉన్న చిన్న అరలో కట్టెలు మండుతాయి. అక్కడి వేడి, పొగ పెద్ద అరలోకి ప్రవేశించి, మాంసాన్ని తాకి, రెండవ కొసన ఉన్న పొగగొట్టం గుండా బయటికి పోతాయి. పెద్ద అరలో వేడి సుమారు 110 నుండి 135 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. మంట అర తలుపు మాత్రం ఇంతకంటె చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. పెద్ద అర తలుపు గొట్టం నుండే కోసినది కాబట్టి గుండ్రంగా ఉంటుంది, మంట అర తలుపు సాధారణంగా బల్లపరుపుగా ఉంటుంది. ఈ రెండింటి వంకరలు వేరు, వాటి మరమ్మతులూ వేరు.

పెద్ద అర తలుపు సరిగా ఆనకపోతే పొగ, వేడి వృథాగా పోతాయి, అంతకుమించి నష్టం లేదు. మంట అర తలుపు సంగతి అలా కాదు. దాని సందుల గుండా అదుపులేని గాలి లోనికి వెళ్ళి మంట పెరుగుతుంది. మంట పెరిగితే తలుపు ఇంకా వేడెక్కి ఇంకా వంగుతుంది, సందు మరింత పెద్దదవుతుంది.

పాలమూరు ప్రాంతంలో

2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడినవి. ఈ ప్రాంతంలో పొగపొయ్యి సంప్రదాయం లేదు. అయితే ఇదే లోపం ఇక్కడి వెల్డింగు దుకాణాలకు కొత్త కాదు. రొట్టెల బట్టీల ఇనుప తలుపులు, బొగ్గులపై కోడిమాంసం కాల్చే డ్రమ్ము పొయ్యిల మూతలు, హైదరాబాదు నుండి బెంగుళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరు వంటి చోట్ల కనిపించే దాబాల పొయ్యిలు, చివరకు ఇంటి ముందరి గేట్లు కూడా ఇదే సూత్రం ప్రకారం వంగుతాయి.

వేడిచేసి, చల్లార్చి లోహాన్ని బిగించే విద్య ఈ ప్రాంతపు కమ్మరులకు తరతరాలుగా తెలుసు. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు పట్టాను చక్రం కంటె కొద్దిగా చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో కాల్చినప్పుడు అది సాగుతుంది. అప్పుడు చక్రంపై ఎక్కించి నీళ్ళు పోస్తే కుంచించుకొని చెక్కను గట్టిగా పట్టుకుంటుంది. లారీలు, కార్ల సొట్టలు తీసే డెంటింగు పనివారు కూడా సాగిపోయిన రేకుపై ఒక చుక్కను ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్ది దానిని కురచ చేస్తారు. వంగిన పొయ్యి తలుపును సరిచేయడమంటే ఈ రెండు పనులను కలిపి చేయడమే. కాబట్టి ఈ మరమ్మతుకు వెల్డింగు మాత్రమే తెలిసిన యువకుని కంటె అనుభవమున్న డెంటింగు మేస్త్రి మేలు.

వంకరకు కారణం

సాధారణ ఉక్కు కడ్డీ ఒక మీటరు పొడవున్నదానిని 100 డిగ్రీలు వేడిచేస్తే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. దానిని అడ్డుకొనేది ఏదీ లేకపోతే చల్లారిన తరువాత యథాస్థితికి వస్తుంది, వంకర ఏర్పడదు. రెండు కొసలను కదలకుండా బిగించి వేడిచేస్తే పరిస్థితి మారిపోతుంది. సాగడానికి తావులేని ఉక్కు తనలో తాను నలిగి లావెక్కుతుంది. చల్లారినప్పుడు పాత పొడవుకు రాలేక కురచగా మిగులుతుంది. ఇందుకు పొయ్యిని ఎర్రగా కాల్చనక్కరలేదు. పూర్తిగా బిగించిన సాధారణ ఉక్కులో సుమారు 100 డిగ్రీల పెరుగుదల వద్దనే ఈ నలుగుడు మొదలవుతుంది. ఆపైన వేడి పెరిగేకొద్దీ ఉక్కు మెత్తబడుతుంది. 600 డిగ్రీల వద్ద దాని బలం మామూలులో సగానికంటె తక్కువ.

తలుపును ఎవరూ కొసలు బిగించి వేడిచేయరు గదా అనే సందేహం కలగవచ్చు. వేడెక్కిన భాగాన్ని చుట్టూ ఉన్న చల్లని భాగమే బిగించి పట్టుకుంటుంది. మంట అర తలుపు నడుమ భాగం మంటకు ఎదురుగా ఉండి బాగా కాలుతుంది, అంచులు చట్రాన్ని తాకుతూ కొంత చల్లగా ఉంటాయి. నడిమి భాగం సాగలేక నలుగుతుంది. రాత్రి పొయ్యి ఆరిన తరువాత నడుమ కురచ, అంచులు పొడవు అవుతాయి. పొడవైన అంచు ఇమడలేక అలలుగా లేస్తుంది.

వెల్డింగు వల్ల కలిగే వంకర దీనికి సరిగ్గా వ్యతిరేకం. తలుపు అంచు చుట్టూ పట్టీ వెల్డు చేసినప్పుడు సుమారు 1500 డిగ్రీల వద్ద కరిగిన లోహం చల్లారుతూ అంచును లాగుతుంది. ఇక్కడ అంచు కురచ, నడుమ పొడవు. అందుచేత నడుమ పొట్టలా ఉబ్బుతుంది. వేలితో నొక్కితే టక్కుమని లోనికి పోయి, వదిలితే మళ్ళీ బయటికి వచ్చే రేకులు ఇటువంటివే.

మూడవది తాత్కాలికమైన వంపు. తలుపు లోపలి ముఖం బయటి ముఖం కంటె వేడిగా ఉన్నంతసేపు తలుపు మంటవైపు ఉబ్బి ఉంటుంది. 6 మిల్లీమీటర్ల మందం, ఒక మీటరు పొడవు గల తలుపులో రెండు ముఖాల మధ్య 5 డిగ్రీల తేడా ఉన్నా నడుమ ఒకటింబావు మిల్లీమీటరు వంపు వస్తుంది. పొయ్యి చల్లారితే ఇది పోతుంది. దీనిని చూసి తలుపు పాడైనదని భ్రమపడి సరిచేయబోతే బాగున్న తలుపు చల్లగా ఉన్నప్పుడు వంకరగా కనిపిస్తుంది. అందుకే కొలతలన్నీ చల్లని పొయ్యిపైనే తీయాలి.

గుండ్రని తలుపులో మరొక కారణం తోడవుతుంది. రేకును చుట్టి గొట్టం చేసేటప్పుడు అందులో ఒత్తిడులు మిగిలిపోతాయి. గొట్టం పూర్తిగా ఉన్నంతకాలం అవి ఒకదానినొకటి ఆపుకుంటాయి. తలుపు ముక్క కోసి తీయగానే ఆ సమతూకం తప్పి, ముక్క కొద్దిగా విచ్చుకుంటుంది లేదా ముడుచుకుంటుంది. గొట్టంలో మిగిలిన నోరు కూడా కదులుతుంది.

వంకరను పరీక్షించడం

తప్పు తలుపుదా, చట్రందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఎక్కువమంది ఈ పని చేయరు. కబ్జాలు ఊడదీసి తలుపును విడిగా చదునైన బండపై పెట్టి చూస్తే సగం సందేహం తీరుతుంది. షాబాదు బండ పరచిన నేల ఇందుకు పనికివస్తుంది. రెండు కబ్జాల ఇరుసులు ఒకే వరుసలో లేకపోయినా తలుపు మూసినప్పుడల్లా మెలిపడుతుంది. అటువంటప్పుడు కబ్జా మార్చాలే గాని తలుపును తాకరాదు.

మెలిని కనిపెట్టడానికి రెండు దారాలు చాలు. వాటిని బల్లపరుపు తలుపు మూలనుండి ఎదుటి మూలకు అడ్డంగా బిగించి లాగాలి. నడుమ రెండు దారాలు ఒకదానినొకటి తాకుతుంటే మెలి లేదు. వాటి మధ్య సందు ఉంటే, లేదా ఒకటి రెండవదానిని నొక్కుతుంటే తలుపు మెలితిరిగి ఉంది. దారాల స్థానాలు మార్చి మరొకసారి చూడాలి. ఉబ్బును కొలవడానికి తిన్నని చదరపు గొట్టం ఒకటి తలుపుపై నిలిపి, దాని కింద సందు చూస్తే సరిపోతుంది.

తలుపు బిగించిన తరువాత రాత్రిపూట పొయ్యి లోపల దీపం పెట్టి బయటినుండి చూస్తే వెలుతురు వచ్చే చోట్లు తెలుస్తాయి. వాటిని సుద్దముక్కతో గుర్తుపెట్టుకోవాలి. పెద్ద అర తలుపులో ఒక మిల్లీమీటరు లోపు సందు అయితే వదిలివేయడం మంచిది. కొవ్వు, పొగమసి పేరుకొని కొన్నాళ్ళకు అదే పూడుకుంటుంది.

సరిదిద్దే పద్ధతులు

మెలి తిరిగిన తలుపుకు మంట అవసరం లేదు. తలుపును మూసి, సందు లేకుండా గట్టిగా ఆనుతున్న మూల వద్ద చట్రానికీ తలుపుకూ మధ్య చెక్కముక్క ఉంచాలి. పైకి లేచి ఉన్న మూలను మెల్లగా లోనికి నొక్కాలి. ఉక్కు కొంత వెనక్కు వస్తుంది గనుక కావలసినదానికంటె ఎక్కువ వంచి వదలాలి. ఎంత ఎక్కువ అన్నది ఒకటి రెండుసార్లు చేస్తేనే తెలుస్తుంది. కబ్జాలపై భారం పడకుండా చూసుకోవాలి, లేకపోతే తలుపుకు బదులు అవి వంగుతాయి.

మిగిలిన వంకరలకు వేడి కావాలి. ఇక్కడ గుర్తుంచుకోవలసిన నియమం ఒక్కటే: పలకపై ఒక గీతగా వేడిచేస్తే, మంట ఉన్నప్పుడు అది మంటకు దూరంగా వంగినట్లు కనిపించినా, చల్లారిన తరువాత మంట పెట్టిన వైపుకే వంగుతుంది. గుండ్రని తలుపు విచ్చుకొని చదునైతే దాని లోపలి ముఖంపై పొడవునా గీతలుగా వేడిచేయాలి. మరీ ముడుచుకుంటే బయటి ముఖంపై చేయాలి. గీతకూ గీతకూ మధ్య నాలుగువేళ్ళ ఎడం విడిచి, ఒక్కొక్క గీత పూర్తిగా చల్లారిన తరువాత చట్రంపై పెట్టి చూసి, అవసరమైతేనే తరువాతి గీత వేయాలి. ఇందులో తొందరపాటు పనికిరాదు. ఒకేసారి అన్ని గీతలూ వేసి, తలుపు అవతలి వైపుకు వంగిన తరువాత దానిని వెనక్కు తేవడానికి మొదటి పనికి రెట్టింపు సమయం పడుతుంది.

మంట అర తలుపు అంచులు అలలుగా లేచి ఉంటే అంచులనే కురచ చేయాలి. అల శిఖరం వద్ద త్రికోణాకారంగా వేడిచేస్తారు. త్రికోణపు కొన తలుపు లోపలివైపు, వెడల్పైన పక్క అంచువైపు ఉండాలి. కొననుండి మొదలుపెట్టి అంచుదాకా మంటను నడపాలి. వెడల్పైన చోట లోహం ఎక్కువగా కురచవుతుంది కాబట్టి అల దిగుతుంది. నడుమ పొట్ట ఉబ్బిన తలుపుకు ఇది చేస్తే ఉబ్బు రెట్టింపవుతుంది. దానికి ఉబ్బిన వైపునుండి నడిమి భాగంలోనే వేడి పెట్టాలి. పలుచని రేకు అయితే రూపాయి బిళ్ళంత చుక్కలు, మందపు పలక అయితే చిన్న గీతలు పెడతారు. చుక్క ఎర్రబారగానే కింద దన్ను ఉంచి చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేస్తే పని త్వరగా సాగుతుంది.

వేడి 650 డిగ్రీలు మించరాదు. అంటే నీడలో చూసినప్పుడు మసక ఎరుపు. గద్వాల, వనపర్తి మండుటెండలో ఈ రంగు కంటికి ఆనదు. ఎండలో ఎరుపు కనిపించేసరికి ఉక్కు చాలా ఎక్కువగా కాలి ఉంటుంది. అందుచేత ఈ పనిని కొట్టం నీడలోనో, పొద్దువాలిన తరువాతనో చేయాలి. సుమారు 727 డిగ్రీలు దాటితే ఉక్కు లోపలి నిర్మాణమే మారుతుంది. ఆ స్థితిలో నీళ్ళు పోస్తే, కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది. పాత సామానులో ఏ రకం ఉక్కు ఉన్నదో తెలియదు గనుక మందపు పలకలను గాలికే చల్లారనివ్వడం క్షేమం. పలుచని రేకుకు డెంటింగు పనివారివలె తడిగుడ్డ అద్దవచ్చు.

చల్లని రేకును సుత్తితో కొట్టడం ఎప్పుడూ తప్పని కాదు. దాగలిపై పెట్టి కొట్టిన చోట రేకు పలుచనై సాగుతుంది. కాబట్టి వెల్డింగువల్ల కురచైన అంచును వెల్డు వెంబడి కొట్టి సాగదీయవచ్చు. ఉబ్బిన పొట్టపై కొట్టడమే పొరపాటు. అప్పటికే పొడవుగా ఉన్న భాగం ఇంకా సాగుతుంది.

ఎంతకూ లొంగని తలుపుకు చివరి ఉపాయం పట్టీ మార్చడం. పాత అంచు పట్టీలను గ్రైండరుతో కోసివేసి, తలుపును చట్రానికి బిగించి, సందును బట్టి కొత్త పట్టీలను అక్కడికక్కడే టాకులు వేసి నిలుపుతారు. తలుపు వంకరగానే ఉంటుంది, పట్టీ మాత్రం సరిగ్గా ఆనుతుంది. చూడడానికి సొంపుగా ఉండకపోయినా పొగ మాత్రం ఆగుతుంది.

తాడు, రబ్బరు

గద్వాల సమీపాన కృష్ణా నదిపై ఉన్న జూరాల ప్రాజెక్టు వంటి ఆనకట్టల గేట్లను గమనించినవారికి ఒక సంగతి తెలుస్తుంది. అంత పెద్ద గేట్లలోనూ నీటిని ఆపేది ఉక్కుకు ఉక్కు ఆనడం వల్ల కాదు. అంచుల వెంట బిగించే రబ్బరు పట్టీలు ఆ పని చేస్తాయి. పొయ్యిలో రబ్బరు నిలవదు గనుక గాజునూలు తాడును గాడిలో అంటిస్తారు. దీనివలన రెండు మూడు మిల్లీమీటర్ల వంకర దాగిపోతుంది. బాయిలర్ల కొరకు అమ్మే పాత రకపు తాళ్ళలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. ఆహారం వండే చోట వాటిని వాడరాదు.

వంకర రాకుండా చేయడం

తలుపును ఒకేసారి కోసి తీయకుండా, ముందుగా కబ్జాల వైపు మాత్రమే కోసి, కబ్జాలు వెల్డు చేసి, తరువాత మిగిలిన మూడు వైపులు కోయడం అనుభవజ్ఞుల పద్ధతి. అంచు పట్టీలకు మొదట టాకులు మాత్రం వేయాలి. తరువాత వెల్డును ఒక అంగుళం ఇక్కడ, ఒక అంగుళం ఎదుటి పక్కన చొప్పున విడివిడిగా వేసుకుంటూ పోవాలి. ఒక కొసనుండి మరొక కొసకు ఏకబిగిన రాడ్డు నడిపితే వంకర తప్పదు. తలుపు పూర్తిగా చల్లారేవరకు బిగింపులు విప్పరాదు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో వెల్డరు కోర్సు చదివే విద్యార్థులకు ఈ వరుసక్రమం పాఠంగానే ఉంటుంది. దుకాణంలో గిరాకీ ఎదుట నిలుచున్నప్పుడు దానిని పాటించడమే కష్టం.

మంట అర తలుపుకు అడ్డపట్టీలు వెల్డు చేసి బలపరచాలని చాలామంది ప్రయత్నిస్తారు. ఆ వెల్డే కొత్త వంకర తెస్తుంది. దానికంటె తలుపు లోపల వేలి వెడల్పు ఖాళీ విడిచి మరొక పలకను నట్లతో వదులుగా బిగించడం మేలు. నట్ల రంధ్రాలు పొడుగ్గా ఉండాలి, అప్పుడు లోపలి పలక తన ఇష్టం వచ్చినట్లు సాగి ముడుచుకుంటుంది. బయటి తలుపు చల్లగా, తిన్నగా నిలుస్తుంది. ఆవిరి యంత్రాల కొలిమి తలుపులకు లోపల ఇటువంటి అడ్డుపలక ఉండేది.

ప్రమాదాలు

పాత 200 లీటర్ల డ్రమ్ముతో పొయ్యి చేసేవారు దాని గతచరిత్ర తెలుసుకోవాలి. నూనె, పెట్రోలు, ద్రావకాలు నింపిన డ్రమ్ము ఖాళీగా కనిపించినా లోపల మిగిలిన ఆవిరి గ్యాస్ కటింగు నిప్పురవ్వకు పేలుతుంది. మూత తీసి ఉంచినంత మాత్రాన ఆవిరి పోదు. గద్వాల ప్రాంతం పత్తి విత్తనాల సాగుకు ప్రసిద్ధి కాబట్టి పురుగుమందుల డబ్బాలు, డ్రమ్ములు పాత సామాను దుకాణాలకు చేరుతుంటాయి. ఎంత కడిగినా, ఎంత కాల్చినా వీటిని వంటకు వాడరాదు. వంటగ్యాసు సిలిండరు చమురు సంస్థ ఆస్తి, దానిని కోసే హక్కు వినియోగదారునికి లేదు.

జింకు పూత గల రేకును వెల్డింగు చేసినా, ఎర్రగా కాల్చినా తెల్లని పొగ వస్తుంది. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు కలిగి ఒకటి రెండు రోజులకు తగ్గుతాయి. పాలు తాగితే విరుగుడు అనే నమ్మకం వెల్డర్లలో ఉన్నది. దానికి ఆధారం లేదు. పూతను ముందే గీకివేయడం, గాలి ఆడే చోట పనిచేయడం రక్షణ.

మరమ్మతు చేసిన తలుపు ఎంత బాగా ఆనినా పొగపొయ్యిని గదిలో గాని, మూసిన కొట్టంలో గాని వెలిగించరాదు. కట్టెలు, బొగ్గులు మందకొడిగా కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడు వాయువుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మగతతో మొదలై స్పృహ తప్పేవరకు పోతుంది. అటువంటి లక్షణాలు కనిపిస్తే ఆ మనిషిని వెంటనే ఆరుబయటికి చేర్చి, 108 వాహనాన్ని పిలిపించాలి.